బొడోనీ ఫాంటు: తరచుగా అడిగే ప్రశ్నలు

“కాస్త రిచ్‌గా కనిపించాలండీ” అని కస్టమర్ అన్నాడంటే డిజైనర్ చెయ్యి ముందుగా వెళ్ళేది ఒక తరహా ఇంగ్లీషు అక్షరాల మీదికే. నిలువు గీత బాగా లావు, అడ్డగీత వెంట్రుకంత సన్నం. ఫ్యాషన్ పత్రిక ముఖచిత్రం, నగల షాపు బోర్డు, చీరల షోరూం సంచి, పెళ్ళి శుభలేఖ, ఎక్కడ చూసినా ఇవే. వీటిలో అందరి నోళ్ళలో నానిన పేరు బొడోనీ. రోజూ దీంతో కుస్తీ పట్టేవాణ్ణి కాబట్టి తోటి డీటీపీ వాళ్ళూ, కొత్తగా డిజైన్ నేర్చుకుంటున్న పిల్లలూ నన్ను అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాసిపెట్టాను.

నా కంప్యూటర్లో బొడోనీ పేరుతో నాలుగైదు ఫాంట్లున్నాయి. అసలుది ఏది?

అసలుది అంటూ ఒకటి లేదు. బొడోనీ అనేది ఒక మనిషి ఇంటిపేరు. ఆయన పోయిన వందేళ్ళకు ఒక్కో కంపెనీ ఆయన అచ్చేసిన పుస్తకాలు ముందు పెట్టుకుని తనకు తోచినట్టు గీసుకుంది. అమెరికాలో 1910 ప్రాంతంలో మోరిస్ ఫుల్లర్ బెంటన్ ఏటీఎఫ్ అనే టైపుల కంపెనీకి గీసిన బొడోనీ కాస్త బండగా, దిట్టంగా ఉంటుంది. జర్మనీలో 1926లో హైన్రిక్ యోస్ట్ బావర్ ఫౌండ్రీకి (టైపులు పోతపోసే కంపెనీ) గీసినది మహా నాజూకు. 1994లో వచ్చిన ఐటీసీ బొడోనీ కోసం సమ్నర్ స్టోన్ బృందం ఇటలీ వెళ్ళి, బొడోనీ చెక్కిన ఉక్కు అచ్చులను కళ్ళారా చూసి వచ్చింది. మ్యాక్‌లో కనిపించే బొడోనీ 72 ఆ కుటుంబంలోదే. మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌తో వచ్చేది బొడోనీ ఎంటీ. గూగుల్ ఫాంట్స్‌లో బొడోనీ మోడా, లిబ్రె బొడోనీ ఉచితంగా దొరుకుతాయి.

అందుకే “బొడోనీలో పెట్టాను” అని ఫైలు పంపేటప్పుడు ఏ బొడోనీయో కూడా చెప్పండి. అవతలి సిస్టంలో ఇంకో బొడోనీ ఉంటే లైన్లు వేరే చోట విరిగి పేజీ మొత్తం కదిలిపోతుంది.

చూడగానే గుర్తుపట్టడం ఎలా?

ముందు క్యాపిటల్ ‘ఈ’ చూడండి. నిలువు కంబం లావుగా ఉంటుంది, మూడు అడ్డగీతలూ దారప్పోగుల్లా ఉంటాయి. కంబం అడుగున ఉన్న పాదం, అంటే సెరిఫ్, కంబంలో నుంచి వంపు తిరిగి రాదు. గోడకు పలక ఆనించినట్టు నిటారుగా కలుస్తుంది. తర్వాత ‘ఓ’ చూడండి. ఎడమ, కుడి వైపులు లావు, నడినెత్తినా అట్టడుగునా సన్నం. పాత పుస్తకాల టైపుల్లో ఈ సన్నదనం కాస్త వాలుగా, గడియారంలో పదకొండు గంటల వైపు ఉంటుంది. ఇక్కడ కచ్చితంగా పన్నెండు గంటల దగ్గరే. చిన్న ‘ఏ’, ‘సీ’, ‘ఆర్’ల చివర మిరియపు గింజంత గుండ్రటి బొట్టు. ఈ నాలుగూ ఉంటే బొడోనీయో, దాని దగ్గరి చుట్టమో అయి ఉంటుంది.

ఇంతకీ ఈ బొడోనీ ఎవరు?

జాంబాటిస్టా బొడోనీ 1740లో ఇటలీలోని సలూట్సోలో పుట్టాడు. తండ్రిది ప్రింటింగ్ ప్రెస్సే. కుర్రతనంలో రోమ్ వెళ్ళి, క్రైస్తవ మత ప్రచారం కోసం రకరకాల ప్రపంచ లిపుల్లో పుస్తకాలు వేసే ప్రెస్సులో కుదురుకున్నాడు. పరాయి లిపుల మీద మోజు అక్కడే పట్టుకుంది. తర్వాత ఇంగ్లండ్ వెళ్ళాలని బయలుదేరాడు గానీ జబ్బుపడి మధ్యలోనే ఆగిపోయాడు. 1768లో ఇటలీలోనే ఉన్న పార్మా సంస్థానాధిపతి (డ్యూక్) పిలిచి తన రాజముద్రణాలయం అప్పగించాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్ళు.

మొదట్లో సొంత అక్షరాలు లేవు. పారిస్‌లో ఫూర్నియే తయారుచేసిన టైపులు తెప్పించుకుని వాడాడు. తర్వాత వాటినే అనుకరిస్తూ చెక్కాడు. 1771 నాటి ఆయన నమూనా పుస్తకం తిరగేస్తే పేజీ నిండా పూలు, లతలు, అంచులు కనిపిస్తాయి. వయసు పెరిగేకొద్దీ ఆ సింగారమంతా ఒక్కొక్కటే రాలిపోయింది. చివరికి మిగిలింది నల్లటి అక్షరం, దాని చుట్టూ బోలెడు తెల్లకాగితం. నాకు ఆయన మీద గౌరవం కలిగేది ఇక్కడే. నగలన్నీ తీసేసి అక్షరాన్ని ఒంటరిగా నిలబెట్టడానికి ధైర్యం కావాలి.

1791లో, రోమ్ నుంచి పిలుపొస్తే ఎక్కడ వెళ్ళిపోతాడోనని, డ్యూక్ ఆయనకు సొంత ప్రెస్సు పెట్టుకునే అనుమతి ఇచ్చాడు. తనూ ప్రెస్సు నడిపినవాడే అయిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1787లో అమెరికా నుంచి మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు. 1806లో బొడోనీ ఒకే ప్రార్థనను 155 భాషల్లో అచ్చేసిన పుస్తకం తెచ్చాడు. 1813లో చనిపోయాడు. జీవితకాలం కూడబెట్టిన అక్షరాల నమూనాలను భార్య మార్గెరీటా 1818లో రెండు సంపుటాలుగా వెలువరించింది. ఆవిడ పూనుకోకపోతే తర్వాతి వాళ్ళకు చూసి గీసుకోవడానికి అంత చక్కటి ఆధారం ఉండేది కాదు. ఆయన చేత్తో చెక్కిన ఉక్కు అచ్చులు వేల సంఖ్యలో పార్మాలోని పిలోత్తా భవనంలో, ఆయన పేరిట ఉన్న మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి.

గీతలు అంత సన్నగా ఎందుకు?

ఒకటి, కలం మారింది. వెడల్పు పాళీతో రాస్తే చెయ్యి తిరిగిన వాలును బట్టి గీత లావు, సన్నం అవుతుంది. మొన తేలిన పాళీ వచ్చాక నొక్కితే లావు, వదిలితే సన్నం. రాగిరేకుల మీద అక్షరాలు చెక్కేవాళ్ళు దాన్ని ఇంకా సన్నం చేశారు. అచ్చు అక్షరం వాళ్ళను చూసి పోటీపడింది.

రెండోది కాగితం. గరుకు కాగితం మీద వెంట్రుక గీత నిలవదు. బర్మింగ్‌హాంలో జాన్ బాస్కర్‌విల్ 1757లో తన మొదటి పుస్తకానికి నున్నటి వోవ్ కాగితం వాడాడు, అచ్చేసిన కాగితాన్ని వేడి పలకల మధ్య నొక్కాడు, సిరా మరింత నల్లగా కాచాడు. ఇంగ్లండ్‌లో చాలామంది ఆయన అక్షరాలు కళ్ళకు చేటు అన్నారు గానీ, బొడోనీ మాత్రం ఆయన దారే పట్టాడు. అంటే ఈ అందం అక్షరంలో మాత్రమే లేదు. కాగితం, సిరా, ప్రెస్సు కలిసొస్తేనే ఉంది. ఈ ముక్క గుర్తుంటే కింది ప్రశ్నల్లో సగానికి జవాబు మీకే తెలిసిపోతుంది.

డిడో, బొడోనీ ఒకటేనా?

అన్నదమ్ముల పిల్లలు అనుకోండి. పేరు చివర ఇంగ్లీషు ‘టీ’ ఉంటుంది గానీ పలకరు, డిడో అనే అంటారు. పారిస్‌లో ఫిర్మాఁ డిడో 1784 ప్రాంతంలో ఇదే దారిలో అక్షరాలు చెక్కాడు. ఎవరు ఎవర్ని చూసి గీశారన్నది ఇప్పుడు తేలే పంచాయితీ కాదు. డిడో మరీ నిక్కచ్చిగా, ఏసీ గదిలోంచి వచ్చినట్టు ఉంటుంది. బొడోనీలో, ముఖ్యంగా చిన్న సైజుల్లో, పాదం కంబాన్ని కలిసే చోట రవ్వంత మెత్తదనం ఉంటుంది. వోగ్ పత్రిక పేరు డిడో తరహా అక్షరాల్లో ఉంటుంది. 1954లో మాక్సిమిలియన్ వోక్స్ టైపులను వర్గాలు చేసినప్పుడు ఇద్దరి పేర్లూ కలిపి ఈ జాతికి ‘డిడోన్’ అని పెట్టాడు.

వ్యాసం మొత్తం బొడోనీలో పెట్టొచ్చా?

ఇప్పుడు మార్కెట్లో ఉన్న చాలా బొడోనీలతో వద్దు. ‘మినిమమ్’ అనే ఇంగ్లీషు మాటను చిన్నక్షరాలతో 10 పాయింట్లలో (పాయింటు అంటే అక్షరాల సైజు కొలత) టైపు చేసి చూడండి. నిలువు కంబాలు వరసగా కిటికీ ఊచల్లా నిలబడతాయి. వాటిని కలిపే వంపులు సన్నబడి మాయమవుతాయి. ఏ ఊచ ఏ అక్షరానిదో కన్ను వెతుక్కోవాలి. రెండు పేజీలు చదివేసరికి కళ్ళు జిగేలుమంటాయి. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఇంగ్లీషు ప్రింటర్ విలియం మోరిస్ ఈ అక్షరాలను చదవలేం బాబోయ్ అని తిట్టిపోశాడు. ఆయన కోపం కొంత అతి అనిపిస్తుంది గానీ, పూర్తిగా తప్పు కాదు.

మరి బొడోనీ పుస్తకాలు పుస్తకాలే ఈ అక్షరాల్లో అచ్చేశాడు కదా?

అసలు ప్రశ్న ఇది. దీనికి జవాబు తెలియకపోవడం వల్లే బొడోనీకి లేనిపోని చెడ్డపేరు వచ్చింది.

సీసపు అక్షరాల రోజుల్లో ప్రతి సైజుకూ ఉక్కు అచ్చు విడిగా చెక్కాలి. చిన్న సైజు చెక్కేటప్పుడు బొడోనీ సన్నగీతను కాస్త లావు చేశాడు, అక్షరం కాస్త వెడల్పు చేశాడు, పక్కన ఖాళీ ఎక్కువ వదిలాడు. పెద్ద సైజుకు వచ్చేసరికి గీతను వెంట్రుకంత చేశాడు. 1818 పుస్తకంలో ఒక సైజుకూ ఇంకో సైజుకూ మధ్య ఇలాంటి తేడాలు కొల్లలు. ఆయనకు బొడోనీ అంటే ఒక బొమ్మ కాదు, వందల బొమ్మలు.

తర్వాత ఫొటో టైప్‌సెట్టింగ్, ఆపైన కంప్యూటర్ వచ్చాయి. ఒకే బొమ్మ గీసి దాన్నే చిన్నదీ పెద్దదీ చేయడం మొదలైంది. పెద్ద సైజు కోసం గీసిన నాజూకు అక్షరాన్ని 9 పాయింట్లకు కుదిస్తే గీత కూడా కుంచించుకుపోతుంది. పెద్దాయన చొక్కాను జిరాక్స్ మిషన్‌లో తగ్గించి పసివాడికి తొడిగినట్టు!

దీన్ని సరిచేయడానికే ఆప్టికల్ సైజులు, అంటే సైజుకో బొమ్మ గీసే పద్ధతి, మళ్ళీ వచ్చాయి. ఐటీసీ బొడోనీలో 6, 12, 72 పాయింట్లకు మూడు వేర్వేరు బొమ్మలున్నాయి. హార్పర్స్ బజార్ పత్రిక 1992లో కొత్త రూపు దిద్దుకున్నప్పుడు ఫాంటు డిజైనర్ జొనాథన్ హోఫ్లర్ వాళ్ళ కోసం గీసిన డిడోలో 6 నుంచి 96 పాయింట్ల దాకా ఏడు బొమ్మలున్నాయి. హెడ్డింగ్ ఎంత పెద్దదైనా సన్నగీత మాత్రం సన్నగానే ఉండాలన్నది అక్కడి కోరిక. బొడోనీ మోడా వేరియబుల్ ఫాంటు. 6 నుంచి 96 దాకా సైజును బట్టి గీత తనంతట తానే మారుతుంది. దాని 11 పాయింట్ల రూపంతో ఒక పేరా ఇంట్రో ధైర్యంగా పెట్టొచ్చు.

సన్నగీత అచ్చులో నిలుస్తుందో లేదో ముందే లెక్క కట్టొచ్చా?

కట్టొచ్చు. అక్షరాలను గీసే ఊహా చదరం ఎత్తు 1000 యూనిట్లు, సన్నగీత 20 యూనిట్లు అనుకుందాం. 72 పాయింట్లలో ఆ గీత 1.44 పాయింట్లు, అంటే అర మిల్లీమీటరు. హాయిగా పడుతుంది. అదే 10 పాయింట్లలో 0.2 పాయింట్లు, మిల్లీమీటరులో వందో వంతులు 7. ఆఫ్‌సెట్‌లో 0.25 పాయింట్ల కంటే సన్నటి గీతను నమ్ముకోకూడదని ప్రెస్సు వాళ్ళు చెబుతుంటారు. నల్ల నేపథ్యంలో తెల్లక్షరాలు, అంటే రివర్స్ వేస్తుంటే దానికి రెట్టింపు పెట్టుకోండి. చుట్టూ ఉన్న సిరా లోపలికి పాకి గీతను మింగేస్తుంది.

కంప్యూటర్లో బాగానే ఉంది, అచ్చులో గీతలు ఎగిరిపోయాయి. తప్పెవరిది?

నా అనుభవం చెబుతాను. మాఘమాసం ముహూర్తాల హడావిడి. ఒక పెళ్ళి శుభలేఖకు వధూవరుల పేర్లు ఇంగ్లీషులో బావర్ బొడోనీలో పెట్టాను, 22 పాయింట్లు, గోల్డ్ ఫాయిల్. కాగితమేమో చేత్తో చేసినట్టుండే గరుకు రకం, అమ్మాయి వాళ్ళు ముచ్చటపడి ఎంచుకున్నారు. స్క్రీన్ మీద చూసి అందరూ ఆహా అన్నారు. కట్టలు విప్పి చూస్తే ‘ఎన్’ అక్షరంలో కంబాలు సన్నగీతలు, అవి పడనే లేదు. ఏటవాలు గీత ఒక్కటే బంగారు పుల్లలా మిగిలింది. పెళ్ళికూతురి పేరులో రెండు ‘ఎన్’లున్నాయి. పెళ్ళికూతురి తండ్రి కార్డు కళ్ళకు దగ్గరగా పట్టుకుని “ఏం బాబూ, మా అమ్మాయి పేరు ఇదేనా?” అన్నాడు. ప్రెస్సు వాణ్ణి తిట్టడానికి నోరు రాలేదు. ఫాయిల్‌కు గరుకు కాగితం మీద ఎంత గీత కావాలో అడగకుండా ఫైలు పంపింది నేనే. అక్షరాలకు 0.3 పాయింట్ల అంచు కలిపి, కొత్త బ్లాకు చేయించి, రాత్రికి రాత్రి మళ్ళీ కొట్టించాం. ఖర్చు నాదే.

అప్పటి నుంచి మూడు పట్టింపులు పెట్టుకున్నాను. ఫాయిల్, స్క్రీన్ ప్రింటింగ్, ఎంబాసింగ్ ఉంటే తప్పనిసరిగా అదే కాగితం మీద ఒక్క పీసు కొట్టించి చూస్తాను. నల్లక్షరాలను నాలుగు రంగుల కలయికతో కాకుండా ఒక్క బ్లాక్ ప్లేటు మీదే వేయిస్తాను, ఎందుకంటే రిజిస్ట్రేషన్ (రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవడం) వెంట్రుకవాసి తప్పినా సన్నగీత రంగులుగా చీలిపోతుంది. న్యూస్‌ప్రింట్ మీదయితే ఏటీఎఫ్ తరహా మొద్దు బొడోనీ తప్ప ఇంకోటి ముట్టుకోను.

ఫ్లెక్స్ బోర్డుకు పనికొస్తుందా?

దగ్గరి నుంచి చూసేదానికి ఫర్వాలేదు. రోడ్డు అవతలి నుంచి చదవాల్సిన బోర్డుకు మాత్రం వద్దు. దూరం పెరిగితే సన్నగీతలు కరిగిపోయి విడివిడి కంబాలే మిగులుతాయి. వెనక లైటున్న బోర్డయితే తెల్లక్షరాల వెలుగు చుట్టూ చెదిరి ఆకారాలు ఇంకా పాడవుతాయి.

వెబ్‌సైట్‌లో?

పైన చెప్పిన లెక్కే. 16 పిక్సెళ్ళలో 20 యూనిట్ల గీత పిక్సెల్‌లో మూడో వంతు కూడా ఉండదు. పాత మానిటర్ దాన్ని లేత బూడిదరంగు మరకలా చూపిస్తుంది. హెడ్డింగులకు 36 పిక్సెళ్ళ పైన వాడండి, మొబైల్‌లో తగ్గినా 28 కంటే కిందికి పోనివ్వకండి. బొడోనీ మోడా ఎక్కించేటప్పుడు ఆప్టికల్ సైజు అక్షం ఉన్న ఫైలే తీసుకోండి. అదుంటే బ్రౌజర్ సైజు చూసి తగిన రూపం తానే ఎంచుకుంటుంది. ఇంకాస్త దిట్టంగా ఉండేది కావాలంటే ప్లేఫేర్ డిస్‌ప్లే ఉంది. అది బాస్కర్‌విల్ కాలపు పోకడల నుంచి పుట్టింది, అయితే అదీ పెద్ద సైజుల కోసం గీసినదే.

అక్షరాల మధ్య ఖాళీ ఎంత ఉండాలి?

పెద్ద సైజులో బిగించండి, చిన్న సైజులో వదలండి. అన్నీ క్యాపిటల్స్ అయితే మాత్రం పెద్ద సైజులోనూ కాస్త ఊపిరాడనివ్వాలి. ‘ఏ’ పక్కన ‘వీ’, ‘టీ’ పక్కన చిన్న ‘ఓ’ వచ్చిన చోట కెర్నింగ్, అంటే ఆ రెండక్షరాల మధ్య ఖాళీ, చేత్తో సరిచూసుకోండి. లావు కంబాల మధ్య గుంత పడితే మిగతా ఫాంట్లలో కంటే ఇందులో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పక్కలకు సాగదీయడం మాత్రం మహాపాపం. కంబం లావెక్కుతుంది, అడ్డగీత ఉన్నట్టే ఉంటుంది, మొత్తం పొందిక చెడుతుంది.

బొడోనీలో తెలుగు అక్షరాలున్నాయా?

నేను పైన చెప్పిన వాటిలో దేంట్లోనూ లేవు. యూనికోడ్ తెలుగుకు బొడోనీ పెడితే డబ్బాలైనా వస్తాయి, లేదా సిస్టం వేరే తెలుగు ఫాంటు తెచ్చి అతికిస్తుంది. యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసిన ఫైలైతే ఇంకా వినోదం. ఆ తెలుగు కంప్యూటర్ లెక్కలో ఇంగ్లీషు గుర్తులే కాబట్టి, పేజీ మొత్తం సెలక్ట్ చేసి బొడోనీ అన్నారంటే “శ్రీరస్తు శుభమస్తు” కాస్తా చాలా అందమైన పిచ్చిరాత అవుతుంది. ఇంగ్లీషు మాటలను మాత్రమే ఎంచుకుని మార్చాలి.

పక్కన ఏ తెలుగు ఫాంటు నప్పుతుంది?

మన అక్షరం తాటాకు మీద గంటంతో పెరిగింది. గంటం నొక్కినా వదిలినా గీత దాదాపు ఒకే మందం. బొడోనీ అక్షరం మొనపాళీ బిడ్డ. వీళ్ళిద్దరికీ ఒకే చొక్కా కుట్టించాలని చూస్తే, అంటే ‘అ’కు, ‘క’కు వెంట్రుక గీతలు తగిలిస్తే, వంపులు ఎక్కడికక్కడ తెగినట్టు కనిపిస్తాయి. కాబట్టి అచ్చం అలాంటి తెలుగు కోసం వెతకొద్దు. గీతలో కొంత లావు, సన్నం ఉన్న నోటో సెరిఫ్ తెలుగు గానీ, టిరో తెలుగు గానీ తీసుకోండి. టిరోలో బోల్డ్ లేదు, అది చూసుకోండి. లేదంటే పూర్తిగా ఒకే మందం ఉన్న పలుచటి తెలుగు ఫాంటు పెట్టి, తేడాను తేడాగానే చూపించండి. నాకు రెండో దారే ఎక్కువసార్లు కుదిరింది.

ఒకే లైనులో రెండూ వస్తే పాయింట్లు సమానంగా పెట్టి ఊరుకోకండి. ఇంగ్లీషు చిన్నక్షరం ఎత్తూ తెలుగు అక్షరం ఒంటి ఎత్తూ కంటికి సమానంగా కనిపించేదాకా మార్చండి. లైన్ల మధ్య ఎడం తెలుగును బట్టి పెట్టండి. పైన గుడులు, కింద ఒత్తులు ఉన్నది మనకే. ‘స్త్రీ’, ‘క్ష్మీ’ లాంటివి పడ్డ లైనులో కింది లైను బొడోనీ క్యాపిటల్స్ నెత్తిన ఒత్తు కూర్చుంటే ఎంత ఖరీదైన కాగితమైనా పరువు పోతుంది.

డబ్బు కట్టాలా?

1813లో పోయిన మనిషి అక్షరాల మీద ఇప్పుడెవరికీ హక్కు లేదు. హక్కు ఉన్నది ఈనాటి ఫాంటు ఫైలు మీద. బొడోనీ మోడా, లిబ్రె బొడోనీ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి. లోగోకు, పత్రికకు, అమ్మే వస్తువుకు వాడుకోవచ్చు, ఫాంటును మాత్రం విడిగా అమ్ముకోకూడదు. ఐటీసీ, బావర్ లాంటివి కొనాలి. మ్యాక్‌తోనో ఆఫీస్‌తోనో వచ్చిన ఫాంటును వెబ్‌సైట్‌లోకి ఎక్కించే ముందు లైసెన్స్ చదవండి. మన దగ్గర ఉన్నంత మాత్రాన సర్వర్లో పెట్టే హక్కు రాదు.

రూపాయి గుర్తు టైపు చేస్తే డబ్బా వస్తోంది.

మీది పాత ఫైలై ఉంటుంది. మన రూపాయి గుర్తును ప్రభుత్వం ఖరారు చేసింది 2010 జులైలో, యూనికోడ్‌లోకి వచ్చింది అదే ఏడాది అక్టోబరులో. అంతకుముందు తయారైన బొడోనీ ఫాంట్లలో అది ఉండే అవకాశమే లేదు. వేరే ఫాంటులోది తెచ్చి అతికిస్తే గీతల మందం కలవక, ధర పక్కన అరువు తెచ్చుకున్నట్టు కనిపిస్తుంది. నగల షాపు ప్రకటనలో అయితే కళ్ళు ముందు పడేది ధర మీదే. కొత్త వెర్షన్ దొరకకపోతే క్యాపిటల్ ‘ఆర్’ను కర్వ్స్ చేసి (అక్షరాన్ని బొమ్మగా మార్చి), కంబం తీసేసి, అదే ఫాంటులోని హైఫన్ మందంతో పైన రెండు అడ్డగీతలు గీసుకోండి. పది నిమిషాల పని.